మేజర్ తేల్చుకోకుండానే డిగ్రీలో చేరుతున్నాను: మొదటి సెమిస్టరులో ఏం తీసుకోవాలి?

తెరచాప:
కొద్ది వారాల్లో నాలుగేళ్ళ డిగ్రీలో చేరబోతున్నాను. మా విశ్వవిద్యాలయం నిబంధనల ప్రకారం రెండో సంవత్సరం ముగిసేలోగా మేజర్ (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు) ఏదో రాసి ఇస్తే సరిపోతుంది. అంతవరకు "ఇంకా నిర్ణయించుకోలేదు" అన్న గడిలో టిక్కు పెట్టి ఉండవచ్చు. నాకు ఆర్థికశాస్త్రం, జీవశాస్త్రం, చరిత్ర మూడింటి మీదా ఇష్టం ఉంది, మూడింటిలోనూ మార్కులు దాదాపు ఒకేలా వచ్చాయి, కనుక మార్కులు చూసి తేల్చుకునే వీలు కూడా లేకపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు త్వరగా ఏదో ఒకటి అనుకోమంటున్నారు, తోటివాళ్ళు ఈ మూడూ పక్కన పెట్టి కంప్యూటర్ సైన్స్ తీసుకోమంటున్నారు.

ఏ మేజర్ మంచిదో చెప్పమని అడగడం లేదు. తేల్చుకోకుండా చేరడం వల్ల నష్టమంటూ ఉంటే అది సరిగ్గా ఎక్కడ ఉంటుంది, మొదటి సెమిస్టరులో ఏ కోర్సులు తీసుకుంటే ఆ నష్టం తగ్గుతుంది అన్నవే నా ప్రశ్నలు. తెలిసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

మూడో బెంచీ:
మీరు అనుకుంటున్నంత పెద్ద సమస్య కాదిది. డిగ్రీలో చదివినదొకటి, తర్వాత చేసే పని మరొకటి కావడం ఇప్పుడు వింతేమీ కాదు. మూడూ ఇష్టమేనంటున్నారు కనుక చీటీలు వేసి ఒకటి తీయండి. రెండేళ్ళపాటు ఊగిసలాడడం కంటే అదే నయం.

సలహాగది:
ఒక విశ్వవిద్యాలయంలో విద్యార్థులకు కోర్సుల ఎంపికలో సలహాలిచ్చే ఉద్యోగం చాలాకాలం చేశాను. నష్టం ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు సూటిగానే జవాబు చెప్పవచ్చు. మేజర్ తేలకపోవడం వల్ల నష్టం లేదు. ఒకదాని తర్వాత ఒకటిగా తప్ప చదవడానికి వీల్లేని కోర్సుల వరుసను ఆలస్యంగా మొదలుపెట్టడం వల్ల ఉంది.

జీవశాస్త్రాన్నే చూడండి. సాధారణంగా ఆ మేజర్‌కు రెండు సెమిస్టర్ల ప్రాథమిక రసాయనశాస్త్రం, అది అయ్యాకే రెండు సెమిస్టర్ల కర్బన రసాయనశాస్త్రం, ఆ తర్వాతే జీవరసాయనశాస్త్రం ఉంటాయి. పక్కనే జీవశాస్త్రం సొంత కోర్సులు, గణితం, కొన్నిచోట్ల భౌతికశాస్త్రం కూడా ప్రయోగశాల గంటలతో సహా నడుస్తుంటాయి. ఇంజనీరింగ్‌లో ఈ కట్టుబాటు ఇంకా గట్టిది: కలన గణితం పూర్తికానిదే అవకలన సమీకరణాలు ఇవ్వరు, అవి లేనిదే శాఖకు సంబంధించిన అసలు కోర్సులు మొదలుకావు. ఆర్థికశాస్త్రం మధ్యస్థంగా ఉంటుంది. ప్రాథమిక కోర్సులు రెండు, కలన గణితం, గణాంకశాస్త్రం సకాలంలో అయితే మిగతావి రెండేళ్ళలో సర్దుకుంటాయి. చరిత్రలో అటువంటి వరుస దాదాపు లేదనే చెప్పాలి. పద్ధతులకు సంబంధించిన కోర్సు ఒకటి, చివర పరిశోధనా వ్యాసం తప్పనిసరి కావచ్చు గాని, పంతొమ్మిదో శతాబ్దం చదవాలంటే పద్దెనిమిదో శతాబ్దంలో ఉత్తీర్ణత ఉండాలని ఎవరూ అనరు.

దీన్నిబట్టి మీ మూడింటిలో వరుస పొడవుగా ఉన్నదానితో మొదలుపెట్టడమే తెలివైన పని. జీవశాస్త్రం కోసం మొదటి ఏడాది రసాయనం, గణితం చదివిన విద్యార్థి రెండో ఏడాది చివర చరిత్రకు మారితే ఏ ఆలస్యమూ ఉండదు, చదివినవి ఐచ్ఛిక క్రెడిట్లుగా లెక్కలోకి వస్తాయి. అదే సమయంలో చరిత్ర నుంచి జీవశాస్త్రానికి మారితే మాత్రం వేసవి తరగతులో, అదనపు సంవత్సరమో తప్పకపోవచ్చు.

ఒక పని చేయండి. తెల్లకాగితం మీద సెమిస్టరుకొకటి చొప్పున ఎనిమిది నిలువు గడులు గీసి, ఎనిమిదో గడిలో ఆ మేజర్ చివరి కోర్సు రాయండి. దానికి ముందు ఏది పూర్తయి ఉండాలో విశ్వవిద్యాలయం కోర్సుల వివరణలోనే ఉంటుంది, దాన్ని ఏడో గడిలో రాయండి. అలా వెనక్కి వస్తూ మొదటి గడికి చేరేసరికి, ఈ సెమిస్టరులో ఏది వదలకూడదో మీకే కనిపిస్తుంది. మూడు మేజర్లకూ మూడు కాగితాలు రాసి పక్కపక్కన పెట్టుకోండి.

చుక్కలలెక్క:
అమెరికా విద్యాశాఖ గణాంక విభాగం 2017లో ఈ విషయం మీదే ఒక నివేదిక ఇచ్చింది. 2011-12లో బ్యాచిలర్స్ డిగ్రీలో చేరి మేజర్ ప్రకటించినవారిలో దాదాపు మూడో వంతు మంది మూడేళ్ళ లోపు కనీసం ఒక్కసారైనా దాన్ని మార్చుకున్నారు. మొదట గణితం తీసుకున్నవారిలో ఆ సంఖ్య 52 శాతం. గడిలో ఏదో ఒక పేరు రాసినవాళ్ళంతా తేల్చుకున్నవాళ్ళు కారు, పేరు రాయడానికి మొహమాటపడినవాళ్ళంతా వెనకబడినవాళ్ళూ కారు.

మూడో బెంచీ:
చుక్కలలెక్క గారి అంకెలు నా మాటనే బలపరుస్తున్నాయి. అంతమంది మార్చుకుంటున్నప్పుడు ముందే ఎనిమిది గడులు గీసుకుని తల బద్దలుకొట్టుకోవడం దేనికి?

సలహాగది:
మార్చుకోగలగడం వేరు, నాలుగేళ్ళలోనే ముగించగలగడం వేరు. గడులు గీయమన్నది ఆ రెండో దాని కోసం.

దూరతీరం:
మార్చుకునే వీలు అన్నిచోట్లా ఒకేలా ఉండదన్నది కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఇంగ్లండులో విద్యార్థి దరఖాస్తు చేసేటప్పుడే ఫలానా సబ్జెక్టుకని చేస్తాడు, డిగ్రీ మూడేళ్ళలో ముగుస్తుంది, మధ్యలో మారడమంటే తరచు మళ్ళీ మొదటికి రావడమే. స్కాట్లండులో డిగ్రీ నాలుగేళ్ళది, మొదటి రెండేళ్ళలో రెండు మూడు సబ్జెక్టులు కలిపి చదివే వీలుంటుంది. ఒకే దేశంలో ఉన్న ఈ రెండు పద్ధతులను ఆర్థికవేత్త ఓఫర్ మలముద్ పోల్చి చూశారు. చదువుకు సంబంధం లేని వృత్తుల్లోకి మళ్ళినవారు త్వరగా సబ్జెక్టు ఎంచుకోవలసిన ఇంగ్లండు పట్టభద్రుల్లోనే ఎక్కువని ఆయన తేల్చారు. అంటే ఆలస్యంగా ఎంచుకునేవారు సోమరులని కాదు, తమకు ఏది సరిపడుతుందో తెలుసుకునే వ్యవధి వారికి దొరికిందని అర్థం.

భారతదేశంలో 2020 జాతీయ విద్యావిధానం తర్వాత యూజీసీ ఇచ్చిన పాఠ్యప్రణాళిక చట్రంలో మొదటి సంవత్సరం చివర మేజర్ మార్చుకునే అవకాశం ఉంది, అయితే అది ఒకే విస్తృత విభాగంలోపల మాత్రమే. ఒక దేశపు సలహాను మరో దేశపు విద్యార్థి యథాతథంగా పాటిస్తే చిక్కుల్లో పడతాడు. తెరచాప గారికి రెండేళ్ళ గడువు ఉంది కనుక ఆమాత్రం స్వేచ్ఛతో మాట్లాడుకుంటున్నాం.

పాతప్రశ్నపత్రం:
సలహాగది గారు చెప్పినది ఆలస్యం కాకుండా చూసుకోవడం గురించి. అసలు ఏది నచ్చుతుందో తెలుసుకోవడం ఎలా అన్నది ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. నా దృష్టిలో మొదటి సంవత్సరం పుస్తకం చూసి మేజర్ ఎంచుకోవడం ప్రమాదకరం, ఎందుకంటే ఏ సబ్జెక్టైనా మొదటి సంవత్సరంలో ఒకలా, మూడో సంవత్సరంలో మరోలా ఉంటుంది.

ఆర్థికశాస్త్రమంటే వార్తాపత్రికలో చదివే ధరల పెరుగుదల, నిరుద్యోగం గురించిన చర్చ అనుకుని చేరేవారు ఎందరో ఉన్నారు. పై తరగతుల ప్రశ్నపత్రం తెరిస్తే ఒక వినియోగదారుడి ప్రయోజన ప్రమేయం ఇచ్చి, అతని ఆదాయపు పరిమితిలో దాన్ని గరిష్ఠం చేయమంటారు. అక్కడ పాక్షిక అవకలనాలు, లగ్రాంజ్ గుణకం తప్ప ధరల గురించి వ్యాసం ఉండదు. మనసు లోతులు తెలుసుకుందామని మనస్తత్వశాస్త్రంలో చేరినవారు సగటులు, విచలనాలు, ప్రయోగ నిర్మాణం దగ్గర నివ్వెరపోతారు. కంప్యూటర్ సైన్స్‌లోనూ అంతే: ప్రోగ్రాములు రాయడం ఒక భాగమైతే, ఒక పద్ధతి ఎందుకు సరైనదో, దత్తాంశం రెట్టింపైతే ఎంత సమయం పడుతుందో గణితపరంగా నిరూపించడం మరో భాగం. మీ తోటివాళ్ళు మీకు రెండో భాగం సంగతి చెప్పారో లేదో నాకు అనుమానమే.

కనుక మూడు సబ్జెక్టుల్లోనూ మూడో సంవత్సరం ప్రశ్నపత్రం ఒక్కొక్కటి సంపాదించి చదవండి. జవాబు రాదు, రావాలని కూడా లేదు. ఆ రకమైన తలనొప్పిని రోజూ భరించడం మీకు ఇష్టమేనా అన్నదొక్కటే చూసుకోండి.

తెరచాప:
పాతప్రశ్నపత్రం గారు చెప్పినట్లే మా గ్రంథాలయం సైటులో మూడో సంవత్సరం ప్రశ్నపత్రాలు దొరికాయి, నిన్న సాయంత్రం కూర్చుని చూశాను.

చరిత్ర ప్రశ్నపత్రంలో ఒకే అల్లరి గురించి మూడు పత్రాలు ఇచ్చారు: ఒక అధికారి పైవారికి రాసిన లేఖ, అరెస్టయినవారి తరఫున న్యాయస్థానంలో దాఖలైన అర్జీ, ఆ వారం పత్రికలో వచ్చిన వార్త. గుంపులో ఎంతమంది ఉన్నారన్న విషయంలోనే మూడూ మూడు రకాలుగా ఉన్నాయి. అధికారి ఆ సంఖ్యను పెంచి రాయడం వల్ల ఎవరికి ఏం ఒరుగుతుందని ఆలోచిస్తూ ఉండిపోయాను, భోజనానికి పిలిచినా లేవలేదు. ఆర్థికశాస్త్రంలో మొదటి ప్రశ్న కొంతవరకు అర్థమయింది, మిగతావాటికి నాకు తెలిసిన గణితం చాలదు, అయినా పెన్సిలు తీసుకుని బొమ్మ గీయాలనిపించింది. జీవశాస్త్రంలో ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ ఒక ఎంజైము పనితీరు ఎలా మారిందో పట్టిక ఇచ్చి, వక్రరేఖ ఒక దశ దాటాక ఎందుకు కిందికి దిగిందో వివరించమన్నారు. జవాబు నాకు దాదాపు వచ్చు. కాని రాయాలన్న ఉత్సాహం ఏమీ కలగలేదు. ఇది నాకు కొంత ఆశ్చర్యంగా ఉంది, ఎందుకంటే మూడింటిలో ఎక్కువ ఇష్టం జీవశాస్త్రమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

కాగితంపడవ:
నచ్చినది పాఠమా, పాఠం చెప్పిన మాస్టారా? బడిలో ఒక మంచి ఉపాధ్యాయుడు ఉంటే ఆయన ఏది చెప్పినా ప్రాణం పెట్టి వింటాం, ఆ ఇష్టాన్నంతా సబ్జెక్టు ఖాతాలో వేసేస్తాం. ఒకసారి నెమరువేసుకుని చూడండి.

సలహాగది:
కాగితంపడవ గారి ప్రశ్న విలువైనదే. అయినా ఒక్క సాయంత్రం చదివిన ప్రశ్నపత్రాలను బట్టి జీవశాస్త్రాన్ని కొట్టివేయవద్దని తెరచాప గారికి నా మనవి. జీవశాస్త్రం ప్రశ్నపత్రంలో కంటే ప్రయోగశాలలో ఎక్కువ ఉంటుంది. అలాగే చరిత్ర విషయంలో మీరు అనుభవించినది ఎవరో ఏరి, అచ్చువేసి, చేతికిచ్చిన మూడు పత్రాలను చదవడంలోని ఆనందం. ఆ మూడూ దొరికేవరకు వందల కాగితాలు తిరగేయడం, చెదలు తిన్న చేతిరాతను అక్షరం అక్షరం పోల్చుకోవడం, చివరకు పాతిక పేజీల వ్యాసాన్ని రెండోసారి తిరగరాయడం ఆ వృత్తిలో ఎక్కువ భాగం. అది కూడా రుచి చూశాక మాట్లాడుకుందాం.

ఇద్దరుపిల్లలతండ్రి:
అందరూ అభిరుచి గురించే రాస్తున్నారు, ఖర్చు భరించేవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పనివ్వండి. అదనంగా ఒక సంవత్సరం పడితే పోయేది ఆ సంవత్సరపు ఫీజు ఒక్కటే కాదు, ఆ ఏడాది ఉద్యోగం చేసి ఉంటే వచ్చే జీతం కూడా పోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు తొందరపెట్టడం వెనక ఆ లెక్కే ఉంటుంది, వాళ్ళు దాన్ని ఎప్పుడూ సరిగ్గా చెప్పలేరు. సలహాగది గారు చెప్పిన ఎనిమిది గడుల కాగితం తెరచాప గారు తమ పెద్దవాళ్ళకు చూపిస్తే, తేల్చుకోకపోయినా నాలుగేళ్ళలో ముగుస్తుందన్న భరోసా వారికి కలుగుతుంది.

నాకూ ఒక సందేహం ఉంది. మా పెద్దమ్మాయి రెండు మేజర్లు తీసుకుంటే ఏదీ వదులుకోనక్కరలేదు కదా అంటోంది. అది మంచి ఉపాయమేనా?

సలహాగది:
రెండు మేజర్ల కోర్సులు చాలావరకు కలిసివచ్చినప్పుడు, ఉదాహరణకు గణితం, ఆర్థికశాస్త్రం కలిపి తీసుకున్నప్పుడు, అది మంచి ఉపాయమే. ఏదీ వదులుకోలేక తీసుకుంటే మాత్రం ఐచ్ఛిక కోర్సులన్నీ దానికే ఖర్చయిపోతాయి, అనుకోకుండా తగిలి మనిషిని మార్చే కోర్సు ఒకటి ఉంటే దానికి చోటే మిగలదు. చాలామందికి ఒక మేజర్, ఒక మైనర్ (తక్కువ కోర్సులతో చదివే రెండో సబ్జెక్టు) సరిపోతాయి. మీ అమ్మాయిని రెండో సబ్జెక్టులో ఏ నాలుగు కోర్సులు కావాలో అడగండి. నాలుగుకు మించి చెప్పలేకపోతే మైనర్ చాలు.

గుమ్మం:
ఉద్యోగాలకు వచ్చిన దరఖాస్తులు చూసేవైపు నుంచి రాస్తున్నాను. ఉద్యోగాలు ఈ విషయంలో రెండు రకాలు. నర్సింగ్, సివిల్ ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ వంటి లైసెన్సు కావలసిన వృత్తుల్లో డిగ్రీ మీద ఉన్న పేరే ముఖ్యం, అది లేకపోతే ఎంత ప్రతిభ ఉన్నా గుమ్మం దాటనివ్వరు. అటువంటి వృత్తి మీద ఏమాత్రం మనసున్నా ముందే తేల్చుకోవాలి. మిగతా ఉద్యోగాల్లో మేజర్ పేరు మొదటి వడపోతలో కొంత పనిచేస్తుంది, ఇంటర్వ్యూలో మాత్రం మీరు చేసినది ఏమిటని అడుగుతాం. గణాంకశాస్త్రం వచ్చిన చరిత్ర విద్యార్థి, సూటిగా రెండు పేజీలు రాయగలిగిన జీవశాస్త్ర విద్యార్థి మాకు ఇట్టే గుర్తుండిపోతారు.

వైద్యం, న్యాయశాస్త్రం సంగతి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో వైద్య కళాశాలకు ఏ మేజర్‌తోనైనా వెళ్ళవచ్చు, రసాయనం, జీవశాస్త్రం, భౌతికశాస్త్రం వంటి అవసరమైన కోర్సులు పూర్తయి ఉంటే చాలు. న్యాయ కళాశాలకు ఫలానా మేజర్ అన్న నియమమే లేదు. భారత్, బ్రిటన్‌లలో పాఠశాల చదువు ముగియగానే నేరుగా వైద్యవిద్యలో చేరవచ్చు, అక్కడ ఆలోచించుకునే వ్యవధి తక్కువ.

చుక్కలలెక్క:
అభిరుచి పరీక్షల గురించి ఎవరూ రాయలేదు. వాటిలో చాలావరకు జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం మీద ఆధారపడతాయి. మనుషుల ఆసక్తులనూ పని వాతావరణాలనూ ఆయన ఆరు రకాలుగా విభజించారు. ఆ పరీక్షలు చెప్పేది మీకు ఏ రకం పనుల మీద ఆసక్తి ఉందన్నది మాత్రమే, ఆ పని మీకు ఎంత బాగా వస్తుందన్నది కాదు. జాబితాలో మీరు ఎన్నడూ ఊహించని పేరు ఏదైనా కనబడితే దాని గురించి వాకబు చేయండి, అంతకుమించి వాటిని నమ్ముకోనక్కరలేదు.

మూడో బెంచీ:
వెంకట్రామన్ రామకృష్ణన్ సంగతి మరిచారు మీరంతా. 1971లో బరోడాలో భౌతికశాస్త్రంలో డిగ్రీ, 1976లో ఒహాయో విశ్వవిద్యాలయంలో అదే శాస్త్రంలో డాక్టరేటు, ఆ తర్వాత మళ్ళీ విద్యార్థిగా చేరి జీవశాస్త్రం చదువుకున్నారు, 2009లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్నారు. డాక్టరేటు తర్వాత కూడా దారి మార్చుకోవచ్చన్నప్పుడు మొదటి సెమిస్టరు గురించి ఇంత చర్చ అవసరమా?

పాతప్రశ్నపత్రం:
మంచి ఉదాహరణే, కాని అది సలహాగది గారి వాదనకే ఉపయోగపడుతుంది. ఆయన గణితం, భౌతికశాస్త్రం పూర్తిచేసుకుని జీవశాస్త్రం వైపు వెళ్ళారు. జీవశాస్త్రంలో డాక్టరేటు అయ్యాక సైద్ధాంతిక భౌతికశాస్త్రంలోకి అంత సులువుగా వెళ్ళినవారి పేర్లు చెప్పమంటే మనం చాలాసేపు వెతుక్కోవాలి. ఇంకొకటి, నోబెల్ వచ్చినవారి కథ మనకు తెలుస్తుంది, దారి మార్చి మధ్యలో ఆగిపోయినవారి కథ తెలియదు.

దూరతీరం:
అన్నీ కొంచెం కొంచెం రుచి చూడమనే సలహా వినేముందు ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. హార్వర్డుకు 1869 నుంచి 1909 వరకు అధ్యక్షుడిగా ఉన్న చార్లెస్ ఎలియట్ తప్పనిసరి కోర్సులను దాదాపుగా తొలగించి, విద్యార్థి తనకు నచ్చినవి ఎంచుకునే పద్ధతి తెచ్చారు. చాలామంది పై స్థాయి జోలికి పోకుండా ప్రాథమిక కోర్సులతోనే డిగ్రీ గట్టెక్కిస్తున్నారన్న విమర్శ బలపడింది. ఆయన తర్వాత వచ్చిన అబట్ లారెన్స్ లోవెల్ ఒక సబ్జెక్టులో లోతుగా, మిగతావాటిలో విస్తృతంగా చదివి తీరాలన్న నియమం పెట్టారు. మనం ఇప్పుడు మేజర్ అంటున్న ఏర్పాటు వెనక ఆ తగవు కూడా ఉంది. తెరచాప గారు మొదటి ఏడాదంతా పరిచయ కోర్సులే తీసుకుంటే రెండేళ్ళ గడువు చివర కూడా ఇప్పుడున్నచోటే ఉంటారు. రెండో సెమిస్టరుకల్లా ఒక్క సబ్జెక్టులోనైనా పై మెట్టు కోర్సులో కూర్చోవాలి.

తెరచాప:
అందరికీ కృతజ్ఞతలు. మూడు కాగితాలూ గీశాను. జీవశాస్త్రం కాగితంలో మొదటి గడి అప్పుడే నిండిపోయింది, ఆర్థికశాస్త్రంలో గణితం ఒక్కటి తప్పనిసరి, చరిత్ర కాగితం ఐదో గడి వరకు దాదాపు ఖాళీగా ఉంది. వాటిని బట్టి ప్రయోగశాలతో కూడిన రసాయనశాస్త్రం, కలన గణితం, ఆర్థికశాస్త్రం మొదటి కోర్సు, చరిత్రలో పరిచయ కోర్సు కాకుండా మూలపత్రాలు చదివించే చిన్న సెమినార్ తీసుకుందామనుకుంటున్నాను. జీవశాస్త్రం మీద ఉత్సాహం తగ్గిందన్నది నిజమే అయినా, ప్రయోగశాల చూడకుండా ఆ వరుస తెంచుకోవడం నాకు ఇష్టం లేదు. కంప్యూటర్ సైన్స్ ప్రశ్నపత్రం కూడా చూశాను. ఆ నిరూపణల సంగతి మా తోటివాళ్ళకు నిజంగానే తెలియదు.

మూడో బెంచీ:
చీటీలు వేసి ఉంటే ఇంత శ్రమ తప్పేది. సరే, సెమినార్ తీసుకోవడం మాత్రం నాకు నచ్చింది.

సలహాగది:
ఎంపిక బాగుంది, నమోదు చేసుకునే ముందు మూడు సంగతులు సరిచూసుకోండి. మొదటిది, రసాయనశాస్త్రం మొదటి భాగాన్ని చాలాచోట్ల ఏడాదికి ఒక్కసారే, మొదటి సెమిస్టరులోనే చెబుతారు, ఆర్థికశాస్త్రం పరిచయ కోర్సు మాత్రం తరచు రెండు సెమిస్టర్లలోనూ ఉంటుంది. నాలుగూ కలిసి భారమనిపిస్తే తొలగించవలసింది ఆర్థికశాస్త్రాన్ని, రసాయనాన్ని కాదు. రెండోది, కొన్ని విశ్వవిద్యాలయాల్లో వాణిజ్య విద్యార్థుల కోసం తేలికపరచిన కలన గణితం వేరుగా ఉంటుంది. పేర్లు దగ్గరగా ఉండడం వల్ల పొరపాటున అందులో చేరితే పై గణితానికీ, కొన్నిచోట్ల ఆర్థికశాస్త్రం మేజర్‌కూ అది చెల్లదు, కనుక పేరు కాకుండా కోర్సు సంఖ్య చూసి చేరండి. మూడోది, మార్కుల జాబితాలో ఏ గుర్తూ పడకుండా కోర్సు వదులుకునే గడువు మొదటి కొద్ది వారాల్లోనే ముగుస్తుంది, ఆ తర్వాత వదిలితే వదిలినట్లు నమోదవుతుంది. ఆ తేదీ ముందే రాసిపెట్టుకుని, అది దాటేలోగా కనీసం ఒక ప్రయోగశాల తరగతి, సెమినార్‌లో ఒక వ్యాసం పూర్తయ్యేలా చూసుకోండి. సెమినార్‌కు సీట్లు తక్కువ ఉంటాయి కనుక నమోదు తెరిచిన రోజే దానిలో చేరి, మిగతావి తర్వాత సర్దుకోండి.